ఉప్పుకండకు శబ్దం ఉండాలి

మా అమ్మాయి తిరువళ్ళూరులో హోటల్ వంటల కోర్సు చదివి, ఇప్పుడు మద్రాసులో ఒక పెద్ద హోటల్లో పొద్దుటి టిఫిన్ల దగ్గర పని చేస్తోంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఒక సంగతి చెప్పింది. అక్కడ దిగే దొరలకు బేకన్ అని ఒకటి వడ్డిస్తారట. పందిమాంసాన్ని ఉప్పులో ఊరేసి, పొగబెట్టి, పల్చగా కోసి పెనం మీద కాలుస్తారు. కాల్చే ముందు ప్రతి మనిషినీ అడగాలట, మెత్తగానా, కరకరలాడేట్టా అని. ఒకరికి కొవ్వు ఇంకా మెరుస్తూ ఉండాలి. ఇంకొకరికి విరిస్తే అప్పడంలా విరగాలి. ఒకే బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాం చెరో రకం అడిగి, ఒకరి ప్లేటు చూసి ఒకరు ముఖం చిట్లించుకుంటారట.

"ఆ రకాలకంతా ఇంగ్లీషులో పేర్లు ఉండాయి మా" అంది.

"మనింట్లో పేర్లు లేవు. తిట్లే ఉండాయి" అన్నాను.

మాది అత్తిమంజేరిపేట. నేసేవాళ్ళ ఇల్లు. కత్తిరి ఎండలు మొదలైతే మా వీధిలో ఏదో ఒక మిద్దె మీద ఉప్పుకండ ఆరుతూనే ఉంటుంది. మేకమాంసాన్ని వేలెడు పొడవు ముక్కలుగా చీల్చి, ఉప్పూ పసుపూ మిరప్పొడీ వెల్లుల్లీ పట్టించి, దబ్బనంతో దారానికి గుచ్చి, దండలు దండలుగా ఎండలో వేలాడదీస్తారు. కట్టెలా గట్టిపడ్డాక కుండలో దాచుకుని వానల కాలమంతా తింటారు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పొయ్యి దగ్గరే.

మా అత్తది మెత్తని పార్టీ. ముక్కల్ని బియ్యం కడిగిన నీళ్ళలో నానబెట్టి, చిన్న ఉల్లిపాయలు వేసి, సన్నని సెగ మీద మూతపెట్టి మగ్గనిచ్చేది. కొవ్వు కరిగిపోకుండా మెరుస్తూ వేలికి అంటుకోవాలి. మా మామది కరకర పార్టీ. ముక్కను రాతి మీద పెట్టి గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టి, కాగే వేరుశనగ నూనెలో అంచులు నల్లబడేదాకా వేయించాలి. నోట్లో వేసుకుంటే పక్కింటికి వినపడాలి.

"మాంసం తింటా ఉండామా, కట్టెలు నమలతా ఉండామా?" అనేది అత్త.

"నానబెట్టినాక అది ఉప్పుకండ యాడ? ఎండలో అన్ని పాట్లు పడి గట్టిపడిందాన్ని మళ్ళా నీళ్ళలో ముంచితివే, దాని మానం ఏం కావాల?" అనేవాడు మామ.

అందుకని ఉప్పుకండ దించిన రోజు మా ఇంట్లో పొయ్యి మీదకు రెండు బాణళ్ళు ఎక్కాల్సిందే. మా ఆయన మాత్రం రెంటిలోనూ తిని, ఎవరు అడిగితే వాళ్ళదే బాగుందని చెప్పేవాడు. ఆ మనిషి ఎలక్షన్లలో నిలబడకుండా ఎందుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడు ఏ పార్టీలోనూ చేరకముందే ఒక ఘనకార్యం చేశాను. మా పుట్టిల్లు కే.జీ.కండిగై. సేద్యం ఇల్లు. మేము ఉప్పుకండను జనపనారకు గుచ్చేవాళ్ళం. ఇక్కడికి వచ్చి చూస్తే ఇంటినిండా నూలే. దండ గుచ్చమని అత్త చెప్పి పళ్ళిపట్టుకు పోయింది. తెల్ల నూలు ముట్టుకుంటే పడుగుకు తక్కువ పడుతుందని నాకు భయం. మూల గంపలో మిగిలిపోయిన పచ్చరంగు పోగులు కనిపించాయి. శుభ్రంగా ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి, ఎవరికీ పనికిరావు. నా తెలివికి నేనే మెచ్చుకుని, వాటిని పేనుకుని, మొత్తం మేకను వాటికి గుచ్చి మిద్దెమీద కట్టాను.

ఉప్పునీళ్ళకు రంగు దిగింది. సాయంత్రానికి మేక మొత్తం చిలకపచ్చ అయిపోయింది. కాకులు కూడా వచ్చి, ఎగాదిగా చూసి, మనకెందుకులే అని పోయాయి.

అత్త బస్సు దిగి వచ్చి ఆ తోరణాలు చూసి వీధి మొత్తానికి వినపడేట్టు కేకలేసింది. "ఏడో తరగతితో బడి మానేసిందంటే నమ్మితిమి. ఆ ఏడైనా చదివిందో లేదో!" నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. మా ఇళ్ళలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. ఆయన మిద్దెక్కి, ఒక ముక్క తెంపి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆ నూలుకు రంగు వేసింది ఆయనే. ఆ వారమే షావుకారు దగ్గర ఒట్టేసినట్టు చెప్పి వచ్చాడు, ఈ రంగు జన్మకు పోదని.

దిగి వచ్చి అత్తతో నెమ్మదిగా అన్నాడు. "దాన్ని ఏమీ అనాకు. రంగు పోదని చెప్పింది నేను కదా."

నా నోరు ఊరుకుంటే కదా. తలుపు వెనక నుంచే అన్నాను. "రంగు యాడికీ పోలేదు మామా. నూలు విడిచి మేకకు మారింది, అంతే."

మామ నవ్విన నవ్వుకు, గుంట మగ్గంలో కూర్చున్న మా ఆయన పని ఆపి బయటికి వచ్చాడు. ఆ రోజు నుంచి మామా నేనూ తలుపుకు అటొకరం ఇటొకరం ఉండి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మరుసటి ఏడు ఆయన తెల్ల నూలు తనే పేని తెచ్చి గడప మీద పెట్టాడు. "పచ్చది కావాలన్నా ఉంది" అని చెప్పి మరీ పోయాడు.

రానురాను ఆ తలుపు అడ్డం పోయినా ఒకటి మాత్రం మారలేదు. ఆయన ముందర కూర్చుని నేను ఎన్నడూ అన్నం తినలేదు. ఎవరూ వద్దని అనలేదు. ఆయన నడవలో తింటాడు, నేను వడ్డిస్తాను, అందరూ లేచాక వంటింట్లో తింటాను. మా అమ్మాయి ఆయన కంచంలోంచే లాక్కుని తింటూ, "నీదంతా పాతకాలం మా" అని నన్ను ఎగతాళి చేసేది. నేనూ కరకర పార్టీయే కాబట్టి వంటింట్లో నేను నమిలేది నడవలోకి వినపడేది. మామ చెయ్యి కడుక్కుంటూ అనేవాడు. "ఏమ్మే, లోపల ఎవురో మగ్గం ఆడిస్తా ఉండారే! ఇంకా ఎన్ని గజాలు?"

"ముందానె దాకా వచ్చేసినాను మామా" అనేదాన్ని. ముందానె అంటే చీర కొంగు. కొంగు వచ్చిందంటే చీర అయిపోయినట్టే.

ఆ తర్వాత ఆయన పళ్ళు పోయాయి. చక్కెర జబ్బు ముందే ఉంది. చిగుళ్ళు వాచి, ఒకటొకటిగా కదిలి, చివరికి ఉన్నవన్నీ తీసేయాలని తిరువళ్ళూరు పళ్ళ డాక్టరు చెప్పాడు. మా ఆయనకు అప్పటికి మగ్గం మానేసి కంపెనీలో షిఫ్టు పని. సెలవు దొరకదు. కాబట్టి మామను తీసుకుపోయేది నేనే. తిరుత్తణి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు.

ఆఖరి పన్ను తీయించుకుని వస్తున్న రోజు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన నోట్లో దూది. మురుకుల బుట్ట పట్టుకుని ఒకతను వచ్చాడు. ఎప్పుడూ రైలెక్కితే మామ మురుకులు కొనాల్సిందే, సగం నమిలి, మిగతా సగం పొట్లం కట్టి మనవరాలికి తేవాల్సిందే. ఆ రోజు బుట్ట దగ్గరికి రాగానే కిటికీ వైపు తిరిగిపోయాడు. బుట్ట దాటిపోయేదాకా ఇటు తిరగలేదు.

"మామా, పళ్ళన్నీ ఊడినాయి, ఇంకమీదట అత్త మీద పళ్ళు నూరాలంటే ఎట్లా?" అన్నాను.

ఎన్నడూ నా మాటకు నవ్వకుండా ఉన్న మనిషి కాదు. ఆ రోజు నవ్వలేదు. దూది వల్ల అనుకున్నాను. దూది తీసేసిన తర్వాత కూడా నవ్వలేదు.

కట్టుడు పళ్ళు చేయించాం. అవి పెట్టుకుంటే చిగుళ్ళు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. వాటిని గ్లాసులో వేసి అలమరలో పెట్టేశాడు. గంజి, మెత్తగా పిసికిన అన్నం, అవీ రెండు ముద్దలు. కంచం నడవలోకి కాదు, తన మంచం దగ్గరికే తెమ్మనేవాడు. గోడవైపు తిరిగి తినేవాడు. చొక్కా భుజాల మీద నిలవడం మానేసింది. ఇట్లా తినకుంటే చక్కెర జబ్బు మాత్రలు వేసుకుని కళ్ళు తిరిగి పడిపోతాడని డాక్టరు హెచ్చరించాడు. ఇంట్లో అందరికీ అదే భయం.

అత్త అనుకుంది, ఇన్నాళ్ళకు తన పార్టీ గెలిచిందని. కుండలోంచి ఉప్పుకండ తీసి, రాత్రంతా నానబెట్టి, వెన్నలా మగ్గబెట్టి తీసుకుపోయింది. "ఇంక నా దోవకు రావాల్సిందే కదా" అంది, ముసిముసిగా.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నాలుకతో అటూ ఇటూ తోసి, మింగి, కంచం పక్కకు జరిపాడు. "బాగుంది" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆమె వంటను ఆయన బాగుందనడం అదే మొదటిసారి. తిట్టి ఉంటే ఆమెకు నిద్ర పట్టేది. అత్త వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. "బాగుందంట అమ్మే" అని కళ్ళు ఒత్తుకుంది. "వాయికి వచ్చినట్టు తిట్టే మనిషి బాగుందంటా ఉండాడు. నాకు భయంగా ఉంది. నువ్వే ఏమన్నా చెయ్యి."

మరుసటి రోజు మధ్యాహ్నం నేను పెద్ద బాణలి పెట్టాను. ముక్కల్ని కొట్టి, నూనెలో అంచులు నల్లబడేదాకా, ఆయన ఎట్లా అడిగేవాడో అట్లాగే వేయించాను. ఆ వాసన మంచం దాకా పోవాలని వంటింటి తలుపు బార్లా తీశాను. సగం ముక్కలు రోట్లో వేసి దూదిలా విడిపోయేదాకా దంచాను. వేడి అన్నంలో ఆ పొడి, వేయించిన నూనె కలిపి కంచంలో పెట్టి పంపాను. పొడికి పళ్ళు అక్కర్లేదు, రుచి మాత్రం కరకరదే.

అత్త తీసుకుపోయింది. నేను తలుపు దగ్గర చెవి పెట్టాను.

"ఇది ఎవురు చేసినారు?"

"ఇంకెవురు? నీ పార్టీదే."

తర్వాత మామ గొంతు. "రుచి ఉంది. శబ్దం లేదు."

నాకేం తోచలేదు. ఆకలి కూడా దంచేస్తోంది. మిగిలిన సగం ముక్కలు ముందర పెట్టుకుని వంటింట్లోనే అన్నానికి కూర్చున్నాను. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఊరికే తింటున్నా నా పంటికి ఊరు లేస్తుంది, తెలిసిందే. రెండోది వేసుకుంటుంటే అత్త గబగబా వచ్చింది, వేలు పెదవి మీద పెట్టుకుని. మెల్లగా తినమంటోందని ఆపేశాను.

"ఆపాకే!" అంది గుసగుసగా. "నువ్వు నమిలితే ఆడ ముద్ద ఎత్తతా ఉండాడు. నువ్వు ఆపితే ఆపతా ఉండాడు."

నేను నమ్మలేదు. ఒక ముక్క కొరికి, తలుపు సందులోంచి చూశాను. ఆయన గోడవైపు లేడు. ఇటు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, దవడలు నెమ్మదిగా ఆడిస్తున్నాడు, నా నోటితో పాటే.

ఆయన్నే చూస్తూ నేను నమలడం మరిచిపోయాను. అప్పుడు కేక వినపడింది.

"ఏమ్మే! మగ్గం నిలిచిపోయిందే? పోగు తెగిందా?"

"లేదు మామా" అన్నాను. "దారం చుట్టుకునింది."

"కంచం ఎత్తుకోని ఇట్లా రా. ఆడ కూర్చోని తింటే సగమే వినపడతా ఉంది."

నేను అత్త ముఖం చూశాను. అత్త నా ముఖం చూసింది. ఆమె కూడా ఆయన ఎదురుగా కూర్చుని తిని ఎరగదు. "పో" అంది. నేను కదలకపోతే నా కంచం తనే తీసుకుని, నా చెయ్యి పట్టుకుని నడిపించి, మంచం దగ్గర చాప వేసి నన్ను కూర్చోబెట్టింది. ఏం తోచిందో, మళ్ళీ లోపలికి పోయి తన మెత్తని కూర గిన్నె కూడా తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది.

కోడలుగా వచ్చిన తర్వాత నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. తల వంచుకుని ఒక ముక్క నోట్లో వేసుకుని, ఎంత మెల్లగా నమలొచ్చో అంత మెల్లగా నమిలాను.

మామ ముద్ద చేతిలో పట్టుకుని, తల పక్కకు వంచి, మగ్గంలో ఎక్కడో తేడా చేసిందని చెవి పెట్టే మనిషిలా విన్నాడు.

"ఇంకా రవ్వంత సేపు వేయించాల్సింది" అన్నాడు.

"నీకు కంచం పెట్టిందే కాకుండా వంక పెట్టేదా?" అంది అత్త. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఎన్ని రోజులకు తిట్టు వినపడిందో ఆ ఇంట్లో.

"వంక కాదే. అంచులు నల్లబడినాయి, నడుము ఇంకా మెత్తగా ఉంది. విను." నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "ఇంకొకటి నమలమ్మే. గట్టిగా."

నమిలాను. ఈసారి పక్కింటికి వినపడేట్టు.

ఆయన కంచం ఖాళీ చేసి, ఇంకో పిడికెడు పొడి అడిగాడు.