మక్క చేనుకు కట్టిన ఆల్బమ్

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి వైపు బ్యాండువాళ్ల గొప్పతనం తెలుసుకోవడానికి ఒకటే కొలత ఉండేది. అప్పగింతలప్పుడు ఎందరు ఏడ్చారు? బరాత్‌లో మేం ఎంత బాగా వాయించినా, కుర్రాళ్లు ఎంత ఎగిరినా అది లెక్కలోకి రాదు. పెళ్లికూతురు కారెక్కే ముందు మా పాటకి ఆమె తల్లి గొంతెత్తి ఏడ్వాలి. మేనత్తలు కొంగులు నోట్లో కుక్కుకోవాలి. పెళ్లివారికి ఏమీ కాని వంటమనిషి కూడా గరిటె పక్కన పెట్టి కళ్లు తుడుచుకోవాలి. అప్పుడే ఆ ఊరి నుంచి మాకు మళ్లీ పిలుపు. ఇరవై రెండేళ్ల వయసులో నేను చేసిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే జనాన్ని ఏడిపించడం. (అంత నిలకడైన ఉద్యోగం ఆ తర్వాత నాకు దొరకలేదు.)

ఆ బ్యాండుకి మాస్టరు మా మేనమామ. క్లారినెట్ ఆయనది, శాక్సోఫోన్ నాది, పెద్ద డ్రమ్ము మా అందరిలోకీ బక్కగా ఉండే ఒకాయనది. ఆయన్ని అందరం పైల్వాన్ అనేవాళ్లం. దూరం నుంచి చూస్తే డ్రమ్ముకే కాళ్లొచ్చి నడిచినట్టుండేది. మామ నవ్వగా చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. సొంత చెల్లెలి పెళ్లిలో, అంటే మా అమ్మ పెళ్లిలో, అప్పగింతల పాట ఆయనే వాయించాడట, కన్ను తడవకుండా. "ఏడ్పియ్యాలెరా అల్లుడా, మనం ఏడ్వద్దు. మనకు ఏడుపొస్తే ఊపిరి చెడ్తది, ఊపిరి చెడ్తే పాట చెడ్తది" అని నాకు మొదటి రోజే చెప్పాడు. ఆ మాటతో పాటు ఒక ఎర్ర కోటు కూడా ఇచ్చాడు. జరీ తాళ్లు, ఇత్తడి గుండీలు ఉన్న ఆ కోటు అంతకుముందు చనిపోయిన ఒక బూరాయనది. ఆయన నాకు రెండింతలు ఉండేవాడు. ఊదడానికి గాలి పీల్చినప్పుడల్లా కోటు మాత్రం కదలకుండా ఉండేది, నేనే లోపల కదిలేవాణ్ణి.

ఇట్లా ఏడిపించుకుంటూ హాయిగా ఉన్న నా బతుకులోకి మస్కట్ బావ వచ్చాడు. అక్క మొగుడు. మస్కట్‌లో ఏదో పెద్ద హోటల్లో గిన్నెలు కడిగేవాడు. ఆ హోటల్లో రోజూ సాయంత్రం బ్యాండు వాయించే దొరలు ఉండేవారట. రెండేళ్లకోసారి వచ్చేటప్పుడు అక్కకి గాజులు, అమ్మకి కంబళి, నాకు సెంటు సీసా తెచ్చేవాడు. ఆసారి ఒక క్యాసెట్ తెచ్చి, "నువ్వు గిసొంటి పీపీనే ఊదుతవు గదా బామ్మర్దీ, ఉంచుకో" అన్నాడు. దాని అట్ట మీద వెడల్పు కోట్లు, వంకర టోపీలు, నలుపూ తెలుపూ బూట్లు వేసుకున్న ఎనిమిది మంది, వాళ్ల చేతుల్లో మూడు శాక్సోఫోన్లు. మా తాత కాలం నాటి ఫోటోలా ఉంది. "గిది పాతదా బావా?" అంటే, "పోయిన నెలనే వచ్చింది, కొత్త ఆల్బమే. కానీ ఎనుకటి లెక్క కొట్టిన్రు. ఆడ గిప్పుడు గిదే ఫ్యాషన్" అన్నాడు.

టేప్ రికార్డర్‌లో వేశాక నేను కూర్చోలేకపోయాను. శాక్సోఫోన్ అట్లా అరుస్తుందని, కేక పెడుతుందని, వెక్కిరిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మేం ఎక్కడ చప్పట్లు కొడతామో అక్కడ కాకుండా, సరిగ్గా దాని పక్కన కొడుతున్నారు వాళ్లు. ఆ పక్కన పడ్డ చప్పట్లకి కాలు దానంతటదే లేస్తోంది. పాడేవాడు ఏమంటున్నాడని బావని అడిగాను. హోటల్ వంటవాడు చెప్పిన అర్థం ఆయన నాకు చెప్పాడు. "ఆయన పెండ్లాం ఎల్లిపోయింది. నౌకరి పోయింది. ఇంటాయన సామాను బయటేసిండు. గదే పాట." "మరి గిట్ల దుంకుకుంట ఏడుస్తడా?" అన్నాను. "ఏమో బామ్మర్దీ. నేను గూడ ఆడ గిన్నెలు తోముకుంట ఇంటికాడోళ్లను యాది జేసుకొని ఏడ్సేది. గీ పాట ఇనవడితే చేతులు జోరుగ నడుస్తుండె" అన్నాడు బావ. ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. నవ్వాను కూడా.

మామ ఒక్క పాట సగం వరకు విన్నాడు. "కొత్తది చేసేటోడు కొత్తగ చెయ్యాలె. పాతదే గావాల్నంటే మనం లేమా?" అన్నాడు. అర్థం చెబితే ఇంకా మండిపడ్డాడు. "ఏడ్సుడుకు ఒక తరీక ఉంటదిరా. బంజెయ్!" బంద్ చేశాను. ఆయన పొలానికి వెళ్లగానే మళ్లీ పెట్టాను. అట్లా రెండు నెలలు, మా బ్యాండు గదిలో నేనూ పైల్వానూ తలుపు వేసుకుని ఆ ఆల్బమ్ అరిగేదాకా విన్నాం.

శ్రావణంలో కామారెడ్డిలో పెళ్లి. పిల్లది కామారెడ్డి, పిల్లవాడిది జుక్కల్. మూడు రోజులుగా ముసురు వదలలేదు. మామకి పన్ను నొప్పి లేచి దవడ ఇంత లావైంది. బరాత్ ఎట్లాగో లాగించాడు కానీ, అప్పగింతల వేళకి క్లారినెట్ నోట్లో పెట్టుకోలేకపోయాడు. తువ్వాలతో దవడ కట్టుకుని నా వైపు చూసి, "నువ్వు పట్టు. సక్కగ" అన్నాడు. నా జీవితంలో అది పెద్ద ప్రమోషన్. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. అందరూ ఏడుపుకి సిద్ధంగా ఉన్నారు. నేను మొదలుపెట్టాను. మొదటి చరణం మామ నేర్పినట్టే వచ్చింది. పెళ్లికూతురు తల్లి మెడ మీద పడి వెక్కుతోంది. ఆ పిల్ల ఏడుపు చూస్తే నాకే ఏడుపొచ్చేలా ఉంది. ఆ పిల్లకి ఈ పెళ్లి ఇష్టమో కాదో నాకు తెలియదు కానీ, అది మామూలు ఏడుపు కాదు. ఊపిరి చెడుతుందన్న భయంతో, తట్టుకోవడానికి కాలితో తాళం వేసుకున్నాను. ఆ కాలు తాళం మీద కాకుండా దాని పక్కన పడింది.

అంతే. పైల్వాన్ నా కాలు చూశాడు. రెండు నెలల అలవాటు. డ్రమ్ము కూడా పక్కన పడింది. నా వేళ్లు నా మాట వినడం మానేశాయి. అప్పగింతల పాట రెండో చరణం ఒక్కసారి ఎగిరి దూకింది. శాక్సోఫోన్ కేక పెట్టింది, కోటు లోపల నేను ఊగాను. ముందు ఒక మేనత్త భుజాలు కదిలాయి. ఆవిడ ఏడుస్తూనే కదిలింది, అదీ విచిత్రం. పెళ్లికూతురు తల్లి మెడ మీద నుంచి తల ఎత్తి, తడిసిన ముఖంతో నా వైపు చూసింది. ఊదుతూ ఉబ్బిన బుగ్గలు, పెద్ద కోటు, ఎగురుతున్న నా కాలు. ఫక్కున నవ్వింది. ఆపుకోబోయింది, ఇంకా నవ్వొచ్చింది. తల్లీ నవ్వింది. ఏడవడానికి వచ్చిన మొత్తం జనం పగలబడి నవ్వుతుంటే, నవ్వనివాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు పిల్లవాడి తల్లి. ఇంకొకరు మా మామ. పెళ్లికూతురు నవ్వుకుంటూనే కారెక్కింది, నవ్వుకుంటూనే వానలో వెళ్లిపోయింది.

టెంపోలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మామ బయటి వాన వైపే చూస్తూ కూర్చున్నాడు. దవడ నొప్పేమో అనుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఇంటికొచ్చాక తువ్వాల విప్పి, "పాట చెడలేదురా. పాట మంచిగనే వచ్చింది. ఆ పిల్ల బతుకు చెడగొట్టినవ్. ఏడ్వకుండ వచ్చిన కోడలిని ఏ అత్త మంచిగ చూస్తది?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తెల్లవారి నేను లేచేసరికి క్యాసెట్ పగిలి వాకిట్లో ఉంది. లోపలి టేపు మొత్తం లాగి మామ తన మక్క చేనుకు నాలుగు వైపులా కట్టేశాడు. గాలికి అది రుయ్యిమని మోగేది, ఎండకి తళతళలాడేది. ఆ ఏడు మా మొక్కజొన్న కంకుల మీద ఒక్క చిలుక వాలలేదు. (ఆ ఎనిమిది మందికి తెలియదు కానీ, వాళ్ల ఆల్బమ్ మా మండలంలో బాగానే పనిచేసింది.)

మామ అన్నట్టే అయింది. జుక్కల్ నుంచి వచ్చేవాళ్లు చెప్పేవారు. ఆ పిల్లకి అక్కడ పేరు పడిందట, "నవ్వుకుంటొచ్చిన కోడలు" అని. బర్రె చచ్చినా ఆ నవ్వే, బావి ఎండినా ఆ నవ్వే కారణమట. నేను జుక్కల్ బస్సు ఎక్కడం మానేశాను. ఆ వైపు పెళ్లిళ్లు వస్తే జ్వరమని పడుకునేవాణ్ణి. తర్వాత జ్వరం అవసరం కూడా లేకుండా పోయింది. డీజేలు వచ్చాయి, పెళ్లిళ్లు పోయాయి. పైల్వాన్ పోయాడు, మామా పోయాడు. పోయేదాకా ఆ సంగతి మామకీ నాకూ మధ్య మళ్లీ రాలేదు. క్షమించాడని మాత్రం నేననుకోను. నేను కామారెడ్డిలో బోరు మోటార్లకి వైండింగ్ చేసే దుకాణం పెట్టుకున్నాను. శాక్సోఫోన్ గోడకి వేలాడుతూ ఉండేది. రాగి తీగ కట్టలు దానికే తగిలించేవాణ్ణి.

పోయిన ఎండాకాలం దుకాణం ముందు ఒకామె నిలబడింది. నెరుస్తున్న జుట్టు, చేతిలో పెళ్లి కార్డుల సంచి. మోటారు లేదు. గోడ వైపు చూసి, "అన్నా, ఎల్లారెడ్డి బ్యాండుల గా పీపీ ఊదింది నువ్వేనా?" అంది. ముఖం పోల్చుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఇరవై మూడేళ్లుగా నేను తప్పించుకు తిరిగిన ముఖం అది. చేతిలో తీగ అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాను. "తప్పయింది చెల్లె. నీ బతుకు ఆగం జేసిన" అన్నాను. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు లోపల అనుకున్న మాట అది, బయటికి చాలా చిన్నగా వచ్చింది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "మా అత్త పోయేదాంక అన్నదన్నా. ఆడ మరాఠీల అంటరు, 'హసత ఆలీ, హసత ఆలీ' అని. నవ్వుకుంటొచ్చింది అని. అన్నప్పుడల్లా నాకు నీ పాట యాదికొస్తుండె. ముంగట తలకాయ కిందికేసుకొని నిలవడేది. చీర కింద కాలు మాత్రం కదుపుతుంటి" అంది. సంచిలోంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టి, "నా బిడ్డ పెండ్లి. బరాత్‌కు డీజే వెట్టినం. అప్పగింతలకు నువ్వొచ్చి గా పాటనే గొట్టాలె" అంది.

"నీ బిడ్డను గూడ అంటరు చెల్లె" అన్నాను.

"అననీ అన్నా. అన్నప్పుడు యాది జేసుకునేటందుకు దానికి గూడ ఏదన్న ఉండాలె గదా."

జుక్కల్ బస్సెక్కాను. ఎర్ర కోటు వేసుకున్నాను. ఒకప్పుడు నాకు రెండింతలున్న ఆ కోటుకి ఇప్పుడు ఒక్క గుండీ కూడా పట్టలేదు. డీజే పిల్లలు నన్ను చూసి మిషన్ ఆపారు, మర్యాద కోసమో వినోదం కోసమో. పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. మొదలుపెట్టాను. మొదటి చరణం అయ్యేసరికి దమ్ము అయిపోయింది. రెండోది ఎగరలేదు, కుంటింది. పైల్వాన్ లేడు, డ్రమ్ము లేదు. ఇక ఆపేద్దామనుకుంటుండగా తల్లి ఒక చెయ్యి కూతురి వీపు మీద నుంచి తీసి, రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టే చోట కాదు, దాని పక్కన. ఇరవై మూడేళ్లు దాచుకున్న చప్పట్లు అవి. నా కాలు లేచింది. పాట దూకింది. పిల్ల తల ఎత్తి, గుండీలు పట్టని కోటులో ఎగురుతున్న నన్ను చూసి ఫక్కున నవ్వింది.

వాళ్లిద్దరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. మామ చెప్పినట్టే ఊపిరి చెడింది, పాట చెడింది, శాక్సోఫోన్ ఒకసారి బర్రెలా అరిచి ఆగిపోయింది. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. కారు వెళ్లిపోయాక కోటు చేతులతో ముఖం తుడుచుకుంటుంటే డీజే పిల్లవాడు దగ్గరికొచ్చి, "అంకుల్, పాట మస్తున్నది. ఏ ఆల్బమ్ ఇది? ఫోన్ల దొరుకుతదా?" అన్నాడు. "దొరకది బిడ్డా. ఎల్లారెడ్డిల మక్క చేనుకు కట్టిన్రు" అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని బస్సు దాకా దిగబెట్టాడు.