కొండ దాటేలోపు టీ

ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు కొండను చుట్టుకుని పోతుంది. బస్సుకు ఆరు గంటలు. విమానం కొండ మీదుగా పోతుంది. అరగంటకు కాస్త ఎక్కువ. ఎక్కడానికి కొంత, దిగడానికి కొంత పోగా, నిలబడి టీ పోయడానికి పావుగంట మిగులుతుంది.

ఆ పావుగంట, టీ ఫ్లాస్కుతో తిరిగే ఫ్లాస్కక్కది. చిన్న విమానం, లోపల ప్రయాణికులను చూసుకునేది ఆమె ఒక్కతే. భర్త అదే దారిలో బస్సు నడుపుతాడు.

"పావుగంటలో టీ ఏంటే? నా బస్సులో అయితే దూడను పెంచి, అది ఆవయ్యాక పాలు పితికి మరీ ఇవ్వొచ్చు."

"ఇవ్వొచ్చుగా మరి. ఇన్నేళ్లలో మంచినీళ్లయినా ఇచ్చావా?"

ఆమె ముందు వరుస నుంచి పోసుకుంటూ వెనక్కి వస్తుంది. ముందువాళ్లు తాగి కప్పు వెనక్కి అందిస్తారు. వెనకవాళ్లు తమది అందులో దూర్చి ఇంకా వెనక్కి పంపుతారు. చివరికి దొంతర మొత్తం ఆమె చేతికి వస్తుంది. ఎవరూ నేర్పలేదు, రోజూ తిరిగేవాళ్లకు అలవాటైపోయింది. అందుకే మొదటి సీటు రోజూ వచ్చే ఒక దర్జీకి ఇప్పిస్తుంది. పొగలు కక్కే టీని అతను మంచినీళ్లలా తాగేస్తాడు.

ఒకరోజు కంపెనీ అధికారి వచ్చాడు. ఇంత దూరానికి టీ దండగని పైవాళ్లకు అనిపించిందట.

"దిగే గంట మోగేలోపు కప్పులన్నీ మీ చేతికి రావాలి. ఒక్కటి మిగిలినా రేపటినుంచి మంచినీళ్లే" అన్నాడు. అని, వెళ్లి దర్జీ సీట్లో కూర్చున్నాడు.

టీ పోతే ఇక ఆమెకు మిగిలేది తలుపు మూయడం, తలుపు తీయడం.

ఆ రోజు గాలి కూడా వెనకనుంచి తోసి, ఆ పావుగంటను ఇంకా తగ్గించింది. ఆమె పోయడం ముగించింది. అధికారి ఊదుతున్నాడు. ఒక చుక్క చప్పరించి మళ్లీ ఊదుతున్నాడు. వెనక అందరి కప్పులూ ఖాళీ. ఒక్కటీ కదలదు.

"ఏం నాయనా, టీ తాగుతున్నావా, పొయ్యి రాజేస్తున్నావా?" అంది వెనక సీటు ముసలావిడ.

"కాలుతోందమ్మా. నాకోసం ఎందుకు, మీవి ఇచ్చేయండి."

"ముందు కప్పు రాకుండా వెనక కప్పు ఎట్లా పోతుందండీ?" అన్నాడు ముసలావిడ పక్కనున్న దర్జీ, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

గంట మోగింది. ఫ్లాస్కక్క వచ్చి చేయి చాచింది.

"సార్, కప్పు."

అతను కప్పును దగ్గరికి లాక్కున్నాడు. "ఒక్క గుటకమ్మా. ఇప్పుడే తాగేట్టు అయింది. బాగుంది."

"తాగనీవే తల్లీ, రేపటినుంచి ఆయనకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది?" అంది ముసలావిడ.

విమానమంతా నవ్వింది. అధికారి చెవులు ఎర్రబడ్డాయి. గటగటా తాగి కప్పు వెనక్కి ఇచ్చాడు. చూస్తుండగానే దొంతర తోక దాకా వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. టీ ఇవ్వవచ్చు. సగం కప్పే.

మర్నాడు పొద్దున ఆమె సగం సగం పోస్తూ వచ్చింది.

"ఇదేంటక్కా, అడుగు కూడా తడవలేదు" అన్నాడొకాయన.

"పైవాళ్ల మాట బాబూ. ముందు ఇది కానియ్. మిగతా సగం తెస్తున్నా."