వాగుకు జాగా విడిచిన మామ

మా మేనమామ పోయాడని పోయిన వారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. హనుమకొండ నుంచి బయల్దేరి తొర్రూరు దాటాను గానీ ఊళ్లోకి పోలేకపోయాను. ఊరి ముందరి ఆకేరు వాగు పొంగి కాజ్‌వే మీదుగా పారుతోంది. ఇవతలి ఒడ్డున వానలో నిలబడి అవతల పాడె కదలడం చూశాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఆ వాగు దాటించిన మనిషిని చివరిసారి ముట్టుకోలేకపోయాను. ఏడుపు కంటే ముందు ఊరి మీద అసహ్యం వేసింది.

ఆ వాగు ఊరికే పొంగదు. ఒడ్డు రైతులంతా ఏటా ఎండాకాలంలో తమ గట్టును వాగులోకి ఇంత జరిపి, జరిపిన చోట పత్తి పెడతారు. వాగు బండ్లబాటంత అయింది. వానొస్తే ఆ నీళ్లన్నీ రోడ్డెక్కుతాయి. అప్పుడు అందరూ కలిసి సర్కారును తిడతారు. వచ్చే నాయకులేమో ఒడ్డున ఫోటోలు దిగి, చెప్పులు తడవకుండా వెళ్లిపోతారు.

మామ ఒక్కడే గట్టు జరపలేదు. వాగు పక్కన గడ్డినేల వదిలి అందులో బర్రెలు మేపుకునేవాడు. ఎవరైనా నవ్వితే, "దున్నంగ ఎడ్లు మలుగుటానికే ఇంత జాగ ఇడుస్తం. గంత వాగు మలుగుటానికి ఇడువద్దా?" అనేవాడు.

మహా నోటిదురుసు. కాజ్‌వే మీద నీళ్లుండగా ఎవరైనా బండి దింపబోతే కర్ర ఎత్తేవాడు. "జర ఆగుర్రి! దవాఖానకు పోతాండ్రా, పెండ్లికి పోతాండ్రా? పానం పోతే రెండింటికీ పోరు." తర్వాత వాళ్లనే ఇంటికి తీసుకుపోయి చాయ్ తాగించేవాడు.

పోయినేడు పక్క చేను ఆసామి పోసిన కొత్త గట్టుకు కొట్టుకుని వరదంతా మామ పొలం మీదికి మళ్లింది. నాటేసిన వరి ఇసుక కింద పడిపోయింది. "తమ్మీ, నీ గట్టు ఎనుకకు తియ్యి. లేకుంటే నా పొలం ఇగ తేరుకోదు" అని మామ వాళ్లింటికి పోయి అడిగాడు. "చూద్దాం తియ్యన్నా" అన్నాడతను. పోయేదాకా మామ అతన్ని అదే అడుగుతూ వచ్చాడు.

మూడోరోజుకు నీళ్లు తీశాయి. ఆ ఇసుక మీదే విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన కల్లు పెట్టి పిట్ట కోసం కూర్చున్నాం. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. "నీ బిడ్డను మంచిగ చూసుకుంటం, ముట్టు బావా" అన్నాడు మా నాన్న. "నీ బర్రెల అమ్ముకోను" అంది అత్త. అయినా రాలేదు. ఇవ్వాల్సిన మాట ఏదో అక్కడున్న అందరికీ తెలుసు. అందరి గట్లూ వాగులోనే ఉన్నాయి కాబట్టి ఒక్కరూ నోరు మెదపలేదు.

నేనే, మాతోపాటు వచ్చి కూర్చున్న ఆ పక్క చేను ఆసామి వైపు తిరిగాను. "మామ అడిగిందేందో నీకెరుకే గద కాకా. ఆ మాట నువ్వియ్యి."

అతను నా వైపు చూడలేదు. "ఇంజన్ సప్పుడుకు కాకులు బెదురుతానయ్" అంటూ తన చేన్లో, తెగిన గట్టును మళ్లీ పోస్తున్న జేసీబీకి ఆపమని చెయ్యి ఊపాడు. చప్పుడు ఆగింది. కాసేపటికి ఒక కాకి దిగి కోడిముక్క ఎత్తుకుపోయింది.

"చూసిండ్రా, అన్నకు నా మీద కోపం లేదు" అన్నాడు ఆసామి కళ్లు తుడుచుకుంటూ. నిజంగానే ఏడుస్తున్నాడు. ఆ తడి చేతినే మళ్లీ జేసీబీ వైపు ఊపాడు. దాని బకెట్ మెల్లగా లేచి, పక్కకు తిరిగి, వాగులోకి మన్ను కుమ్మరించింది.