జేబులో పంపు

చాలా ఏళ్లుగా నా చొక్కా జేబులో రెండు మోస్తున్నాను. ఒకటి ఉబ్బసానికి పీల్చే పంపు. రెండోది అబద్ధం. పంపు అరచేతిలో ఇమిడిపోతుంది. రెండోదే బరువు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బేతంచెర్ల. బండలకు పాలిషు పట్టే యూనిట్లో గుమాస్తాని. ఆ తెల్ల దుమ్ములో ఆరోగ్యం ఉన్నవాడే దగ్గుతాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున, సాయంత్రం పీల్చమని, బాగుంది కదా అని మానొద్దని కర్నూలు డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ మా వైపు ఆ పంపుకు మంచి పేరు లేదు. ఒకసారి నోట్లో పెట్టుకుంటే చచ్చేదాకా వదలదంటారు. పట్టినవాడు ఇక పనికిరాడన్నట్టు చూస్తారు. అందుకని స్నానాలగది గడియపెట్టుకుని పీల్చేవాణ్ణి. దొంగచాటుగా బీడీ కాల్చేవాళ్లు నాకంటే నయం, కనీసం వాసనతో దొరికిపోతారు.

మా చర్చిలో అందరూ నాకోసం ప్రార్థన చేశారు. కొన్ని నెలలకు ఆయాసం తగ్గింది. ఒక ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాళ్లు లేచి, అందరి ముందూ ఆ మాట చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. ప్రార్థించారు, మందు వాడాను, తగ్గింది అంటే సరిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు. నేను మాత్రం, "మందు ముట్టడం లేదు, దేవుడే స్వస్థపరిచాడు" అన్నాను. ఎందుకన్నాను? అందరూ నా వైపు చూస్తున్నారనా? పంపు పట్టినవాడన్న పేరు రాకూడదనా? రెండూ కావచ్చు. చర్చి అంతా స్తోత్రం అంది. నేను సాక్ష్యం చెప్పాను. అసలు సాక్షి జేబులో ఉంది.

వెనక వరసలో ఎస్తేరక్క కూర్చుని ఉంది. మా యూనిట్లోనే బండలు కడిగే పని ఆమెది. అదే జబ్బు, అదే డాక్టరు, అదే పంపు. బయటికి రాగానే నన్ను ఆపింది.

"ఏమప్పా, నిజంగానే ఇడిసిపెట్టినావా?"

"ఊ, అక్కా."

"నాకూ శానా దినాల నుంచి ఆయాసం లేదు. ఊరికే పీలుస్తాండానేమో. నేనూ ఇడిసిపెడ్తా."

మానొద్దక్కా అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే జేబు చూపించాలి.

"నీ ఇష్టం అక్కా" అన్నాను.

ఆమె ఇష్టమే అన్నట్టు!

చలికాలంలో ఒక పొద్దున ఎస్తేరక్క బండల మధ్యనే కూలబడింది. పెదాలు నీలంగా మారాయి. జీపులో కర్నూలుకు తీసుకుపోయాం. బతికింది. కానీ ఆ ఊపిరి మళ్లీ మునుపటిలా కాలేదు. కడిగే పని మానుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు బజారు దాకా నడవాలన్నా మధ్యలో కూర్చుంటుంది. ఆస్పత్రిలో డాక్టరు ఆమెను కసిరాడు, బాగున్నప్పుడే మానేస్తారు మీరంతా అని. ఆ తిట్లు తినాల్సినవాణ్ణి పక్కనే బత్తాయిలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన పోయాక ఆమె నా వైపు తిరిగి, ఆగి ఆగి అంది: "నీకు స్వస్థత నిలిచింది, నాకు నిలవల్యా. నా విశ్వాసం చాల్లేదప్పా."

అప్పుడైనా చెప్పచ్చు కదా? బత్తాయి ఒలిచి పెట్టాను.

ఇప్పుడామె పంపు మానదు. చర్చి వెనక వరసలో కూర్చుని, దాచుకోకుండా, అందరి ముందే పీలుస్తుంది. పీల్చినందుకు సిగ్గుపడదు. మానేసినందుకు డాక్టరు తిట్టాడనీ బాధపడదు. తన అల్పవిశ్వాసాన్ని క్షమించమని మాత్రం ఇప్పటికీ ప్రతి ఆదివారం ప్రార్థిస్తుంది. ముందు వరసలో నేను ఆమెన్ అంటాను.

ఆమెకు చెప్పలేదు. చెప్తానని మాటివ్వను, నా మాటకు విలువెంతో ఇప్పటికే చదివారు. అయితే ఇది రాసేటప్పుడు పంపు జేబులోంచి తీసి బల్లమీద పెట్టాను. వీధి తలుపు తీసే ఉంది. సాయంత్రం పీల్చే వేళయింది. లేచి మూయాలని చూశాను, మూయలేదు.