గీతలు కనిపించని ఇసుక

మన ఇంగ్లీషు టీచరమ్మ పోయారు. నిద్రలోనే పోయారట. పన్నెండో రోజు కూడా అయిపోయింది. నెలాఖరుకు ఆమె గది ఖాళీ చేసివ్వాలని ఇంటివారు అడిగారు. ఆ గదిలో, ఉద్యోగం చాలించినప్పుడు ఆమె బడినుంచి వెంట తెచ్చుకున్న అద్దాల బీరువా ఉంది. అందులోని ఆకులు, గవ్వలు, ఈకలు అన్నీ వాషర్‌మన్‌పేట బడిలో ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలం మనం తెచ్చి ఇచ్చినవే. ఎవరివి వాళ్ళకు చేర్చకపోతే అవన్నీ చెత్తబండిలోకి పోతాయి. అందుకే దుఃఖం ఆరకముందే, ఎక్కడెక్కడో ఉన్న మీ అందరికీ ఈ పత్రిక ద్వారా ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. నాయన హార్బరులో మూటలు మోసేవాడు. అమ్మా, అవ్వా ఇంట్లో అప్పడాలు ఒత్తేవారు. గీతలున్న దేనికైనా నాకు తెలిసిన ఇంగ్లీషు మాట ఒక్కటే, స్ట్రైప్డ్. ఉడుత వీపూ స్ట్రైప్డే, తమలపాకూ స్ట్రైప్డే, మునక్కాయా స్ట్రైప్డే. నా నోటుపుస్తకం చూసి టీచరమ్మ చిన్నగా నవ్వారు.

“ఊళ్ళో అందరికీ ఒకే చీర కట్టేశావు కదమ్మాయ్! ఎవరి చీర వాళ్ళకు వెతుకుదాం, రా.”

వెతకడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. కళ్ళు మూసుకోవాలి. వస్తువు మీద చూపుడువేలు మెల్లగా నడిపించాలి. వేలికి ఏం తెలిసిందో ముందు తెలుగులో చెప్పాలి. ఆ తర్వాతే ఆమె ఇంగ్లీషు మాట ఇచ్చేవారు. తమలపాకు వెనక సన్నటి నరాలు తగిలేవి. దానికి వెయిన్డ్. మునక్కాయ మీద పక్కటెముకల్లాంటి గట్లు. దానికి రిబ్డ్. ఉడుత వేలికి దొరకదు కాబట్టి దానికి మాత్రం స్ట్రైప్డ్ ఉంచుకోమన్నారు. మధ్యాహ్నం వేళ క్లాసంతా కళ్ళు మూసుకుని కూర్చుంటే, దూరంగా ట్రాము గంట నీళ్ళ అడుగున మోగుతున్నట్టు వినిపించేది. నేను ఏ ఆకు మీద నడుస్తున్నానో, ఏ ఊళ్ళో ఉన్నానో మరిచిపోయేదాన్ని.

“మా వీధిలో ఇట్లాంటివేమీ దొరకవు టీచర్” అన్నానని ఒకరోజు ఆమే మా ఇంటికి వచ్చారు. పీట వేస్తే కూర్చుని, వేరే ఏమీ వెతక్కుండా అవ్వ ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు.

“ఏందమ్మా, అట్ల జూస్తా ఉండావు? నా మొగానికి గూడా ఇంగ్లీషు మాట ఉండాదా?” అంది అవ్వ.

“ఉంది అవ్వా. ఫరోడ్. దున్నిన చేనులో నాగటి చాళ్ళు ఉంటాయి చూడు, అట్లాంటి నుదురు నీది.”

అవ్వ అప్పడాల కర్ర పక్కన పెట్టి నుదురు తడుముకుంది. “మా నాయన దున్నిందంతా వానల్లేక ఎండిపాయ. ఈడన్నా చాళ్ళు నిలిచినాయి, పో!” అని పకపకా నవ్వింది. ఆ తర్వాత అప్పడాలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ “నా మొగం ఫరోడంట” అని చెప్పుకునేది.

ఇక ఇసుక సంగతి. సెలవు రోజుల్లో నాయనకు అన్నం తీసుకుపోయేదాన్ని. ఒకసారి తిరిగి వస్తూ రాయపురం ఒడ్డున ఆగాను. అల వెనక్కి పోయిన చోట తడి ఇసుక మీద సన్నటి మడతలు, ఎవరో కుచ్చిళ్ళు పోసి వదిలి వెళ్ళినట్టు. నా సొంతంగా నేను కనిపెట్టిన మొదటి వస్తువు అది. ఖాళీ గిన్నె అంచును ఇసుక కిందికి దూర్చి, ఒక్క మడత చెదరకుండా ఎత్తాననుకున్నాను. గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాను. అమ్మను కూడా దాన్ని తాకనివ్వలేదు.

మర్నాడు క్లాసులో మూత తీస్తే ఉత్త ఇసుక. ఒక్క గీత లేదు.

“టీచర్, గిన్నెలు తోముకోమని వాళ్ళమ్మ పంపించినట్టుంది!” అంది వెనక బెంచీలో ఒకమ్మాయి. అందరూ నవ్వారు. ఇక బడికి రాకూడదని, రేపటినుంచి అప్పడాలే ఒత్తుకుందామని నేను అక్కడే నిశ్చయించుకున్నాను.

టీచరమ్మ నవ్వలేదు. గిన్నెలో వేలు పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఇసుక మీద వేలు మెల్లగా నడిపించారు.

“ఎక్కడిదే ఇది?”

“సముద్రం కాడిది, టీచర్.”

“అల పోయాక తీశావా?”

“ఊఁ.”

“అయితే గీతలు ఉన్నట్టే. నువ్వు చూశావు, మేం చూడలేదు. అంతే కదా తేడా?”

ఇసుకను గాజుసీసాలో పోయించి, చీటీ మీద రిపిల్డ్ అని రాసి అంటించారు. నీటి మీద లేచే చిన్న అలలకు కూడా అదే మాట అన్నారు. సీసాను బీరువాలో నడిమి అరలో పెట్టారు. మర్నాడు అది అక్కడే ఉందో లేదో చూద్దామని బడికి వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. అట్లా ఎస్సెల్సీ పరీక్ష దాకా వెళ్ళాను. ఇప్పుడు నేనూ చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

ఆంధ్ర వేరు రాష్ట్రమయ్యాక మనలో చాలామంది కుటుంబాలతో ఈ పట్నం విడిచి కర్నూలుకో, గుంటూరుకో వెళ్ళిపోయారు. “మీరు వెళ్ళరా టీచర్?” అని నేనొకసారి అడిగాను.

“ఇంతమంది వస్తువులు నా దగ్గర పెట్టుకుని ఎట్లా పోతానమ్మా? ఎవరైనా వచ్చి అడిగితే?” అన్నారు.

ఎవరమూ అడగలేదు. ఇక్కడే ఉండి నేనూ అడగలేదు.

నిన్న ఆ గదికి వెళ్ళాను. బీరువాలోని ప్రతి చీటీ వెనకా తెచ్చిన పిల్ల పేరు ఉంది. సిరా వెలిసిపోయినా చదవడానికి వస్తోంది. ఇంటావిడ నడిమి అరలోంచి సీసా తీసి వెలుతురుకు పట్టి చూసింది. “ఇసుక గూడా దాచిపెట్టినాదా ఆయమ్మ! పారబోసేస్తా, ఏం?” అంది. “వద్దండీ, అది నాది” అని చేతులు చాపాను. ఆ మాట టీచరమ్మ ఉండగానే అనవలసింది.

మీరు తెచ్చినదేమిటో గుర్తుంటే ఒక కార్డు ముక్క మీద రాసి ఈ పత్రికకు పంపండి. గుర్తు లేకపోయినా ఫరవాలేదు, పేరు రాయండి, చీటీల వెనక నేను వెతుకుతాను. దూదిలో చుట్టి పంపిస్తాను. ఆకులు బాగా పెళుసెక్కాయి, మెల్లగా విప్పండి. విప్పాక ఒక్కసారి కళ్ళు మూసుకుని వేలు నడిపించండి.

నడిమి అరలో సీసా ఉన్న చోట, దుమ్ములో గుండ్రటి చుట్టు ఒకటి మిగిలింది. దాని చుట్టూ మీవన్నీ ఇంకా పెట్టినచోటే ఉన్నాయి. ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా జాబు రాయండి.