అరగడ్డం సెలూన్

మా తాతయ్య గీసిన చెంప మీద ఈగ వాలితే కాలు జారి పడుతుందని మా వీధిలో అనేవాళ్ళు. ఈగలు పడడం నేనెప్పుడూ చూడలేదు. మనుషులు సగం గడ్డంతో పారిపోవడం మాత్రం చూశాను.

ఆయన సెలూన్ ఒక్క కుర్చీ పట్టే గది. ముందొక అద్దం, వెనకొక అద్దం. కూర్చున్నవాడికి తన ముఖం, దాని వెనక తన మెడ, దాని వెనక మళ్ళీ తన ముఖం, అలా మసకబారేదాకా తనే కనిపిస్తాడు. కుర్చీ కింద ఇనప కడ్డీని కాలితో తొక్కితే సీటు పైకి లేస్తుంది. దిగడం మాత్రం దాని ఇష్టం. ముఖంలో ముఖం పెట్టి చేసే పని కాబట్టి తాతయ్య బుగ్గలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉండేది. ఆ గదిలో లేనిది ఒక్క మరుగుదొడ్డి. అది పక్కనున్న టైలర్ కొట్టు వెనక ఉంది. తాళంచెవిని ఖాళీ దారం రీలుకు కట్టి టైలర్ తన కుట్టుమిషన్ పక్కన మేకుకు తగిలించేవాడు.

తాతయ్యకు రెండేళ్ళుగా కడుపు మాట వినడం మానేసింది. ఏదైనా తిన్న కాసేపటికి డప్పులా ఉబ్బేది, లోపల ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టేది, ఆ తర్వాత ఆగమంటే ఆగేది కాదు. ఒక్కోసారి రోజుల తరబడి కదలకుండా కూర్చునేది. 

“తింటే ఆయాసం, తినకపోతే నీరసం అన్నారే, ఆ సామెత నన్ను చూసే పుట్టింది” అనేవాడు తాతయ్య.

“సామెత మీకంటే వయసులో పెద్దదండీ. దాన్నెందుకు లాగుతారు ఇందులోకి?” అనేది అమ్మమ్మ.

ఇంట్లో అయితే ఎలాగో గడిచిపోయేది. సెలూన్‌లోనే చిక్కు. నురగ పూసి, కుడి చెంప గీసి, ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి తాతయ్య చెయ్యి గాల్లో ఆగిపోయేది. కత్తి మడిచి పక్కన పెట్టి, “ఒక్క నిమిషం బాబూ” అని పక్క కొట్టుకు ఉరికేవాడు. ఆ నిమిషం ఎంతసేపో దేవుడికే తెలియాలి. టైలర్ తలెత్తకుండానే తాళంచెవి అందించేవాడు.

“ఇదిగో, నీ ఆస్తి. నేను పోయాక కూడా ఇది నీకే చెందేలా రాసిపెడతాను.”

“నువ్వు పోయేలోపు ఆ తలుపు గొళ్ళెం బాగుచేయించరా ముందు!” అని లోపలి నుంచి తాతయ్య గొంతు వచ్చేది.

ఒకరోజు పొద్దున బ్యాంకు గుమాస్తా ఒకాయన గడ్డానికి కూర్చున్నాడు. ఆయన ఎక్కే బస్సు మా సెలూన్ ఎదురుగానే ఆగుతుంది. తాతయ్య సగంలో వెళ్ళాడు, బస్సు వచ్చింది. గుమాస్తా అటు చూశాడు, ఇటు చూశాడు, మెడలో తుండుగుడ్డతో సహా బస్సెక్కేశాడు. ఒక చెంప అద్దంలా ఉంది, ఇంకో చెంప నిండా నురగ. ఆ బస్సు ఊరంతా తిరుగుతుంది కాబట్టి కబురు కూడా ఊరంతా తిరిగింది. సాయంత్రానికి మా కొట్టు పేరు అరగడ్డం సెలూన్ అయిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు గుమ్మంలోకి తొంగి చూసి, “ఏ చెంప ముందు గీస్తావో చెబితే ఆ వైపు నుంచే ఫొటో దిగుతాం” అనేవాళ్ళు. తాతయ్య కూడా నవ్వేవాడు. కుర్చీ మాత్రం రోజులో చాలాసేపు ఖాళీగానే ఉండేది.

తాతయ్యకు మా మావయ్య ఒక్కడే కొడుకు. కరెంటాఫీసులో పని చేస్తాడు. ఆయన ఒక ఆదివారం భోజనాల దగ్గర కడుపులో చల్ల కదలకుండా చెప్పేశాడు.

“నాన్నా, ఫోన్లు బాగుచేసే అతను గది అద్దెకు అడుగుతున్నాడు. నెలాఖరుకు ఇచ్చేద్దాం. మీరిక ఇంట్లో ఉండండి. మరుగుదొడ్డి పక్కనే ఉంటుంది.”

తాతయ్య ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. “ఇంట్లో ఉండి ఎవరి గడ్డం గీయను? మీ అమ్మదా?”

“అదొక్కటే తక్కువయింది” అంది అమ్మమ్మ.

తాతయ్య నవ్వలేదు. పదమూడో ఏట పట్టుకున్న కత్తి అది. నెలాఖరు దాకా గడువు కావాలని మాత్రం అడిగాడు. మర్నాడు అమ్మమ్మ ఆయన్ని కడుపు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. రక్తం తీశారు, కడుపు నొక్కారు, గొట్టం పెట్టి లోపలంతా చూశారు. పుండు లేదు, గడ్డ లేదు.

“దీన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు తాతగారూ. పేగుల్లో జబ్బేమీ లేదు. కాకపోతే అవి ఊరికే చిరాకుపడతాయి” అంది డాక్టరమ్మ.

“నా జన్మలో నేనెవరి మీదా చిరాకుపడలేదమ్మా.”

“మీ బదులు అవి పడుతున్నాయి” అంది అమ్మమ్మ.

ఏ తిండి పడటం లేదో పట్టుకోవాలంటే అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి మానేసి, కడుపు కుదుటపడ్డాక ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి చూడాలట. పాలు, గోధుమలు, ఉల్లి, వెల్లుల్లి, చిక్కుళ్ళు, యాపిల్ పండ్లు. వింటున్నకొద్దీ తాతయ్య ముఖం వాడిపోయింది. “ఇక మిగిలింది గాలే కదమ్మా” అన్నాడు.

“అదీ కడుపులోకి ఎక్కువ పోకూడదు. నెమ్మదిగా నమిలి తినండి” అంది ఆవిడ.

ఇక ఇంట్లో అమ్మమ్మ రాజ్యం మొదలైంది. వంటింటి గుమ్మంలో ఆవిడ కూర్చుంటే చీమ కూడా ఉల్లిపొర మోసుకుపోలేదు. తాతయ్య అన్నం, ఉడకబెట్టిన క్యారెట్, కాస్త చేప తిని సెలూన్‌కు వెళ్ళేవాడు. ఇంత నోరు కట్టుకున్నా కడుపు మాత్రం పాత పాటే పాడింది. తాళంచెవి మేకు మీద కుదురుగా ఉన్నది లేదు.

అమ్మమ్మకు అనుమానం వచ్చింది. తాతయ్య చొక్కా జేబులు వెతికింది. దువ్వెనల డబ్బా బోర్లించింది. చివరికి టైలర్ కొట్టు మీదకే దండెత్తింది.

“అన్నయ్యా, నిజం చెప్పు. ఈయనకు చాటుగా బిస్కెట్లు పెడుతున్నావు కదూ?”

“అమ్మా చెల్లెమ్మా! ఆయన్ని రోజుకిన్నిసార్లు నా పెరట్లోకి పంపే సరదా నాకెందుకుంటుందమ్మా? పోయిన వారం నీళ్ళ ట్యాంకు రెండుసార్లు ఖాళీ అయింది!”

నెలాఖరు దగ్గర పడింది. ఫోన్లతను గుమ్మం బయట నిలబడి బోర్డు ఎక్కడ పెట్టాలా అని పైకి చూసి వెళ్ళాడు. ఆ రాత్రి తాతయ్య అన్నం సగంలో వదిలేశాడు. పొద్దున్నే మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ పాతవన్నీ మళ్ళీ అడిగింది. పాలు? మానేశాను. రొట్టె? ముట్టలేదు. ఇంకేమైనా తింటున్నారా? ఏమీ లేదమ్మా, ఒట్టు. తాతయ్య ఒట్టు వేసేటప్పుడు నోట్లో టక్కున చప్పుడైంది.

డాక్టరమ్మ రాయడం ఆపింది. “నోట్లో ఏముంది?”

“ఏమీ లేదమ్మా. పిప్పరమెంటు బిళ్ళ.”

“మరి ఏమీ తినడం లేదన్నారే?”

“తినడం లేదమ్మా” అన్నాడు తాతయ్య నొచ్చుకుని. “చప్పరిస్తున్నాను.”

అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. తాతయ్య పంచె మడతలోంచి తీసిచ్చిన బిళ్ళల డబ్బాను డాక్టరమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి, కళ్ళజోడు పైకి తోసి, అడుగున ఉన్న అక్షరాలు చదివింది. అవి చక్కెర లేని బిళ్ళలు. తీపి కోసం అందులో సార్బిటాల్ అని ఒకటి వేస్తారట. అది చాలామంది పేగుల్లో సరిగా ఇంకదు, నీళ్ళను లాగుతుంది, గాలి పుట్టిస్తుంది. ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చని డబ్బా మీదే రాసి ఉంది.

“రోజుకెన్ని?”

“గడ్డానికొకటి. కటింగయితే రెండు. ఖాళీగా ఉన్నప్పుడు తోచక ఇంకొన్ని.”

“ఇవి ఎప్పటి నుంచి?”

“మునుపు చక్కెర బిళ్ళలేనమ్మా. పళ్ళ డాక్టరు తిట్టాక వీటికి మారాను. ఎప్పుడంటే...” తాతయ్య పైకప్పు వైపు చూసి లెక్క వేసుకున్నాడు. ఆ తర్వాత మా ఎవరి వైపూ చూడలేదు. “రెండేళ్ళవుతుంది.”

“ఇల్లంతా వెతికాను తల్లీ” అంది అమ్మమ్మ డాక్టరమ్మతో. “ఈయన బుగ్గ వెతకలేదు.”

ఇదొక్కటే కారణమని తాను చెప్పనని, ఆ పేగుల తత్వం ఎప్పటికీ మారదని, ముందు దీన్ని ఆపి చూద్దామని డాక్టరమ్మ అంది. తాతయ్య డబ్బా ఆవిడ బల్ల మీదే వదిలేసి వచ్చాడు. గుమ్మం దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

వారం తిరగకుండానే డప్పు మెత్తబడింది. అమ్మమ్మ ఒక్కొక్కటే తిరిగి పెట్టింది. రొట్టె సరిపడింది. ఉల్లిపాయ కొంచెమైతే కడుపు ఊరుకుంటుంది, మీరితే ఊరుకోదు. పాలతో టీ తాగిన రోజున మాత్రం తాళంచెవికి మళ్ళీ పని పడింది. గాభరా పడ్డ రోజున ఏమీ తినకపోయినా పేగులు అలుగుతాయని కూడా తెలిసింది. బిళ్ళ లేని నోరు ఎలా ఉంటుందోనని తాతయ్యకు బెంగ. అందుకని గడ్డం గీసేటప్పుడు పెదవులు బిగబట్టి, జుట్టు కత్తిరించేటప్పుడే మాట్లాడేవాడు. వీధి కబుర్లన్నీ జనానికి మెడ వెనక నుంచే అందేవి.

నెల చివరి రోజున మావయ్య, ఫోన్లతను టేపు పట్టుకుని వచ్చారు. కడుపు నెమ్మదించిందన్న సంగతి అమ్మమ్మ ముందే చెప్పింది. మావయ్య నమ్మలేదు.

“కొలుచుకో బాబూ” అన్నాడు తాతయ్య ఫోన్లతనితో. “ముందు కూర్చో. గడ్డం మాసింది.”

అతను మొహమాటంగా కూర్చున్నాడు. తాతయ్య నురగ పూశాడు. కుడి చెంప అయింది. ఎడమ వైపుకు తిరిగాడు. చెయ్యి గాల్లో ఆగింది.

గోడకు ఆనుకుని ఉన్న మావయ్య నిటారుగా నిలబడ్డాడు. పక్క కొట్టులో మిషన్ చప్పుడు కూడా ఆగిపోయింది. ఫోన్లతను కళ్ళు మాత్రమే తిప్పి అద్దంలో బస్టాపు వైపు చూశాడు. తాతయ్య కళ్ళు మూసుకుని, లోపల ఎవరో చెప్పేది వింటున్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత పెద్దగా తేన్చాడు.

“గాలి” అన్నాడు.

ఎడమ చెంప కూడా గీశాడు. మీసం కింద, చెవి పక్కన, గొంతు మీద తీరిగ్గా సరిచేశాడు. తడిగుడ్డతో తుడిచి కుర్చీ తిప్పాడు. ఫోన్లతను రెండు చెంపలూ రెండు చేతులతో తడుముకుని లేచి, “అన్నా, టేపు ఇటివ్వు, కొలుద్దాం” అన్నాడు మావయ్యతో.

మావయ్య టేపు జేబులో వేసుకున్నాడు. కళ్ళజోడు తీసి అద్దం ముందు పెట్టాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

“మరి గది సంగతి?” అన్నాడు ఫోన్లతను.

“కనిపించడం లేదా? ఖాళీ లేదు” అన్నాడు మావయ్య.

తాతయ్య కొత్త గుడ్డ దులిపి కొడుకు మెడ చుట్టూ కట్టాడు. పెదవులు బిగబట్టే ఉన్నాడు. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి తల పైకెత్తాడు.