ఏడో నెల పాప

యుద్ధం రోజుల్లో, బిలాస్‌పూర్ స్టేషన్ ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో మా అత్తగారూ నేనూ బండి కోసం కూర్చున్నాం. పక్కన ఒక డాక్టరమ్మ. మాటని బట్టి గోదావరి జిల్లా మనిషి. నెలలు నిండకుండా బిడ్డలు ఎందుకు పుడతారో తెలుసుకోవాలని, కనబడిన తల్లినల్లా అడిగి రాసుకుంటున్నారట.

నా పాప ఏడో నెలలో పుట్టి రెండు రోజులే బతికింది. పాప పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆవిడ నన్నడిగితే అత్తగారే అందుకున్నారు. "దాన్నేటి అడుగుతారమ్మా? నీళ్ళ బిందె ఎత్తీసింది, పిల్ల పోనాది."

డాక్టరమ్మ నావైపే చూశారు. "అలా అని నేను రాయనమ్మా. కారణం మాకే ఇంకా తెలీదు. నీ తప్పని మాత్రం అనుకోకు. పాపని ఏమని పిలిచేదానివి?"

ఆ సంగతి నన్నెవరూ అడగలేదు.

"సిట్టీ అని పిల్సీదాన్నండి," అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆ పేరు రాసుకున్నారు.

డాక్టరమ్మ ఎక్కాల్సిన బండికి గంట కొట్టారు. పుస్తకం మూసి లేవబోతుంటే, అత్తగారు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"నాదీ రాసుకోండమ్మా. ఎనిమిదో నెల. మగపిల్లడు. ముప్పై ఏళ్ళయినాది, ఎవులికీ సెప్పనేదు."

డాక్టరమ్మ మళ్ళీ కూర్చుని పుస్తకం తెరిచారు. ఆవిడ బండి వెళ్ళిపోయింది.